ఇంటిల్లిపాదికీ ఒకే ఐడీ: ఎవరి మెసేజీలు వారికే అందాలంటే

మీరు రాసిన పరిస్థితి ఇది: బెంగళూరు మహదేవపురలో కాపురం, 2016లో మీరు తెరిచిన ఒకే యాపిల్ ఐడీతో మీ ఐఫోను, మీ శ్రీమతి ఐఫోను, ఐదో తరగతి చదువుతున్న అమ్మాయి ఐప్యాడు నడుస్తున్నాయి. కావలి నుంచి వచ్చి మీతో ఉంటున్న అమ్మగారి ఆండ్రాయిడ్ ఫోనుకు మీ జీమెయిలే పెట్టారు. ఆవిడ సిమ్ మీ ఫోనులో రెండో సిమ్‌గా ఉంది. మీ శ్రీమతి వాళ్ల చెల్లెలితో మాట్లాడుకున్నవి మీ ఫోనులో మోగుతున్నాయి, మీ జీతం పడిన మెసేజీ ఆన్‌లైన్ క్లాసు మధ్యలో అమ్మాయి ఐప్యాడు మీద కనిపిస్తోంది, అమ్మగారి ఓటీపీలు మీరు ఆఫీసులో ఉన్నప్పుడు వస్తున్నాయి. ఫొటోలు, కాంటాక్టులు, డబ్బు పెట్టి కొన్న యాప్‌లు పోకుండా వీటిని వేరు చేయగలమా అని అడిగారు.

చేయవచ్చు. కె.ఆర్.పురంలో పద్నాలుగేళ్లుగా ఫోన్ల మరమ్మతు దుకాణం నడుపుతున్నాను. పగిలిన స్క్రీన్ల తరువాత నా దగ్గరకు ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఇదే. వచ్చినవారిలో చాలామంది ఫోనులో ఏదో వైరస్ ఉందనో, ఎవరో హ్యాక్ చేశారనో భయపడుతూ వస్తారు, కొందరైతే ఇంట్లోవాళ్ల మీదే అనుమానంతో వస్తారు. నిజానికి ఫోను తనకు చెప్పిన పనినే చేస్తోంది. ఒక ఐడీ అంటే ఒక మనిషి అని ఆ కంపెనీల లెక్క. ఆ మనిషికి మూడు పరికరాలు ఉంటే మూడింటిలోనూ ఒకే మెసేజీ కనిపించడం వాళ్ల దృష్టిలో సౌకర్యం. మనం మాత్రం ఒక ఐడీ అంటే ఒక ఇల్లు అనుకుని, రేషన్ కార్డులాగా అందరినీ అందులో చేర్చేస్తాం. గొడవంతా అక్కడే మొదలవుతుంది.

ముందుగా ఏ మెసేజీ ఏ దారిలో వస్తుందో తెలుసుకోవాలి, లేకపోతే ఒక మీట ఆపి సమస్య తీరిందనుకుంటాం, మరునాడు మళ్లీ అదే కనిపిస్తుంది. మామూలు ఎస్సెమ్మెస్ సిమ్‌కు వస్తుంది. బ్యాంకు, గ్యాసు, ఆధార్ మెసేజీలన్నీ ఈ జాతివే. ఐమెసేజ్ అనేది 2011లో యాపిల్ మొదలుపెట్టిన వేరే ఏర్పాటు. మీరు పంపినప్పుడు నీలం రంగులో కనిపించేవి అవే, అవి ఇంటర్నెట్ మీదుగా ఐడీకి వస్తాయి, కాబట్టి ఆ ఐడీ ఉన్న ప్రతి పరికరానికీ చేరుతాయి. ఇక ఎస్సెమ్మెస్‌లు సిమ్‌కే వస్తాయి కదా, ఐప్యాడు మీద ఎలా కనిపించాయి అంటారా? దానికి రెండు దారులున్నాయి. ఒకటి మీ ఫోనులోని టెక్స్ట్ మెసేజ్ ఫార్వర్డింగ్, ఇది మీ సిమ్‌కు వచ్చినదాన్ని అదే ఐడీలో ఉన్న ఇతర పరికరాలకు పంపుతుంది. రెండోది 2018లో వచ్చిన ఐక్లౌడ్ మెసేజెస్ సదుపాయం. ఇది ఉంటే మెసేజీల పెట్టె మొత్తం క్లౌడ్‌లో, అంటే ఇంటర్నెట్ మీదున్న యాపిల్ నిల్వలో, ఒకటే ఉంటుంది, అన్ని పరికరాలూ దానినే చూపిస్తాయి. ఈ రెండోదాని వల్లనే చాలామంది దెబ్బతింటారు. భార్య తన ఫోనులో అనవసరంగా కనిపిస్తున్న భర్త మెసేజీలను శుభ్రం చేద్దామని తుడిచేస్తుంది. అవి భర్త ఫోనులోంచి కూడా పోతాయి. కాబట్టి ఈ సమాధానం చివరిదాకా చదివేవరకు ఎవరి ఫోనులోనూ ఒక్క మెసేజీ కూడా తుడవకండి.

తాత్కాలికంగా ఈ రోజుకు ఊరట కావాలంటే, అమ్మాయి ఐప్యాడులో సెట్టింగ్స్‌లోకి వెళ్లి ఐమెసేజ్ మీటను ఆపండి, మీ ఫోనులో టెక్స్ట్ మెసేజ్ ఫార్వర్డింగ్ జాబితాలో ఐప్యాడు పేరు పక్కన మీటను ఆపండి. కొత్త ఐఓఎస్ (ఐఫోనును నడిపే సాఫ్ట్‌వేర్) ఉన్న ఫోన్లలో ఇవి సెట్టింగ్స్‌లో యాప్స్ అనే విభాగం కింద మెసేజెస్‌లో ఉంటాయి. మీ ఇద్దరి ఫోన్లలో అక్కడే సెండ్ అండ్ రిసీవ్ అనే చోట ఎదుటివారి నంబరు పక్కన టిక్కు తీసేస్తే చాలని కొందరు చెబుతారు. ఐక్లౌడ్ మెసేజెస్ నడుస్తున్నంతకాలం ఆ టిక్కు తీసినా పెద్ద ప్రయోజనం ఉండదు. అది కూడా ఆపి, టిక్కులూ తీసి కొన్నాళ్లు నెట్టుకురావచ్చు గాని, ఐడీ ఒకటే ఉన్నంతవరకు ఫేస్‌టైమ్ (యాపిల్ వీడియో కాల్) ఇద్దరికీ మోగవచ్చు, ఫొటోలు కలిసిపోతాయి, అన్నిటికన్నా ముఖ్యంగా కాంటాక్టులు ఒకటిగానే ఉంటాయి.

ఈ కాంటాక్టుల సంగతి మీరు ప్రశ్నలో రాయలేదు, కానీ నా దుకాణానికి వచ్చిన గొడవల్లో మెసేజీల కన్నా ఇదే ఎక్కువ ఇబ్బంది పెట్టింది. మనం కాంటాక్టులకు పేర్లు పెట్టుకోం, వరసలు పెట్టుకుంటాం. అమ్మ, నాన్న, అత్తయ్య, మామయ్య, బావ. వరస అనేది పిలిచేవారిని బట్టి మారుతుంది. మీ ఫోనులో అమ్మ అంటే మీ శ్రీమతికి అత్తగారు, ఆవిడ ఫోనులో అమ్మ అంటే మీకు అత్తగారు. రెండు ఫోన్లకూ ఒకే ఐడీ ఉన్నప్పుడు అమ్మ అన్న పేరుతో రెండు నంబర్లు ఒకే జాబితాలో చేరతాయి. నకిలీలను కలపమంటారా అని ఫోను అడుగుతుంది, తొందరలో ఎవరో సరేనంటారు, అంతటితో ఒకే అమ్మ కింద రెండు నంబర్లు పడతాయి. ఒక ఇల్లాలు అత్తగారి వంట గురించి వాళ్లమ్మకు రాసుకున్న నాలుగు మాటలు నేరుగా అత్తగారికే వెళ్లాయి. ఆ దంపతులు ఇద్దరూ నా బల్ల ముందు కూర్చుని, తప్పు ఫోనుదేనని ఊళ్లో పెద్దావిడకు ఫోను చేసి చెప్పమని నన్నే బతిమాలారు. చెప్పాను. ఆవిడ నమ్మలేదు.

కాబట్టి నా సలహా ఒకటే: సగం సగం మీటలు ఆపడం మాని, ఐడీలనే వేరు చేయండి. వేరు కాపురం పెట్టినా పండక్కి అందరం కలిసినట్లు, ఐడీలు వేరైనా కొన్న యాప్‌లను కలిసి వాడుకునే ఏర్పాటును యాపిల్ 2014లోనే ఫ్యామిలీ షేరింగ్ పేరుతో తెచ్చింది. ఒక కుటుంబంలో మీతో కలిపి ఆరుగురి వరకు ఉండవచ్చు. ఎవరి ఐడీ వారిదే, ఎవరి మెసేజీలు, ఫొటోలు, కాంటాక్టులు వారివే. చందాలు, ఐక్లౌడ్ స్థలం, పంచుకోవడానికి వీలున్న యాప్‌లు మాత్రం ఉమ్మడి. స్థలం ఉమ్మడిదైనా ఒకరి ఫైళ్లు మరొకరికి కనిపించవు. 2024 చివరి నుంచి ఐడీ అనే పేరును యాపిల్ ఖాతా అని మార్చారు; సెట్టింగ్స్‌లో ఆ పేరు కనిపిస్తే కంగారు పడకండి, రెండూ ఒకటే.

మీ ఐడీ మీకే ఉండనివ్వండి. మారవలసింది మీ శ్రీమతి ఫోను. ఒక ఆదివారం మధ్యాహ్నం, ఇద్దరూ ఇంట్లో ఉన్నప్పుడు, మంచి వైఫై మీద కూర్చోండి. మొదట రెండు ఫోన్లనూ కంప్యూటరులోకి బ్యాకప్ తీసుకోండి. ఈ మెట్టు దాటవేసినవారే తరువాత నా దగ్గరకు కన్నీళ్లతో వస్తారు. తరువాత ఆవిడ ఫోనులో ఐక్లౌడ్ మెసేజెస్‌ను ఆపండి. ఆపేటప్పుడు మెసేజీలను ఫోనులోకి దింపుకునే అవకాశం ఇస్తుంది, దానినే ఎంచుకోండి. ఐక్లౌడ్ స్థలం చూపించే పేజీలో ఆపి తుడిచివేయండి అనే ఇంకొక ఎంపిక ఉంటుంది. అది క్లౌడ్‌లోని పెట్టెనే ఖాళీ చేస్తుంది, దాని జోలికి వెళ్లవద్దు.

ఫొటోల దగ్గర ఇంకాస్త నిదానం అవసరం. స్థలం ఆదా చేయడానికి చాలా ఫోన్లు అసలు ఫొటోలను క్లౌడ్‌లో ఉంచి, చేతిలో చిన్న నకళ్లను మాత్రమే ఉంచుతాయి. ఆ స్థితిలో సైన్ అవుట్ చేస్తే ఫోనులో అసలువి మిగలవు. మీ ఫొటోలన్నీ మీ ఐడీలోనే భద్రంగా ఉంటాయి కాబట్టి నష్టమేమీ లేదు గాని, ఆవిడ చేతిలో కూడా ఉండాలంటే ఫొటోస్ సెట్టింగ్స్‌లో అసలు ఫొటోలను దింపి ఉంచే ఎంపిక పెట్టి, అన్నీ దిగేవరకు ఆగాలి. ఫోనులో అంత చోటు లేకపోతే మరొక మార్గం ఉంది: ఐడీలు వేరయ్యాక మీరు ఐక్లౌడ్ షేర్డ్ ఫొటో లైబ్రరీ తెరిచి ఆవిడను అందులో చేర్చండి. 2022లో ఐఓఎస్ 16.1తో వచ్చిన ఈ ఏర్పాటులో మరో ఐదుగురిని చేర్చుకోవచ్చు, పెళ్లి నాటి నుంచి ఉన్న ఫొటోలన్నీ ఇద్దరికీ ఉమ్మడిగా కనిపిస్తాయి. మొత్తం కాపీ చేయడం కన్నా నాకు ఇదే నచ్చుతుంది.

ఇప్పుడు ఆవిడ ఫోనులో మీ ఐడీ నుంచి సైన్ అవుట్ చేయండి. మీ పాస్‌వర్డ్ అడుగుతుంది, మీరు పక్కనే ఉండాలన్నది అందుకే. కాంటాక్టులు, క్యాలెండర్ల వంటివాటి నకలును ఫోనులో ఉంచమంటారా అని అడిగినప్పుడు కాంటాక్టులను తప్పక ఉంచమనండి. తరువాత ఆవిడ పేరుతో, ఆవిడ నంబరుతో, ఆవిడ ఈమెయిలుతో కొత్త ఐడీ తెరవండి. నమ్మకమైన నంబరు అని అడిగే చోట మీ నంబరు ఇచ్చి పని కానిచ్చేయాలనిపిస్తుంది, కానీ ఆ పొరపాటు చేస్తే ఆవిడ ఖాతా తెరవడానికి ప్రతిసారీ మీ ఫోనుకు కోడ్ వస్తుంది, సమస్య మళ్లీ మొదటికొస్తుంది. పాస్‌వర్డ్ కూడా ఆవిడనే పెట్టుకోనివ్వండి. ఆవిడ ఐడీ పాస్‌వర్డ్ తనకు తెలియాలని పట్టుపట్టే భర్తలను నేను చూశాను. వాళ్లకు నేను ఈ పని చేసిపెట్టను.

కొత్త ఐడీలో ఐక్లౌడ్ మెసేజెస్‌ను వెంటనే వేయకండి. ఆవిడ ఫోనులో మిగిలిపోయిన మీ సంభాషణలను ఇప్పుడు తుడవవచ్చు. పాత ఐడీతో తెగిపోయింది కాబట్టి మీ ఫోనులోవి పోవు. కాంటాక్టుల్లోంచి మీ ఆఫీసువాళ్లను తీసేసి, ఆ రెండు అమ్మలను విడదీసి, ఆ తరువాతే ఐక్లౌడ్ మీటలు ఒక్కొక్కటిగా వేయండి. లేకపోతే మీ పాత మెసేజీలన్నీ ఆవిడ కొత్త ఖాతాలోకి ఎక్కి కూర్చుంటాయి. ఆవిడ వాట్సాప్ చాట్‌లు ఫోనులో ఎలా ఉన్నవి అలాగే ఉంటాయి గాని, ఐఫోనులో వాట్సాప్ బ్యాకప్ ఐక్లౌడ్‌కే వెళుతుంది. పాతది మీ ఐడీలో ఉండిపోయింది కాబట్టి కొత్త ఐడీలో ఒకసారి బ్యాకప్ తీయించండి. చివరగా మీ ఫోనులో మీ ఐడీ పరికరాల జాబితాలోంచి ఆవిడ ఫోనును తొలగించండి, సెండ్ అండ్ రిసీవ్‌లో ఆవిడ నంబరు ఇంకా ఉంటే టిక్కు తీయండి.

కొన్న యాప్‌ల గురించి. అవి కొన్న ఐడీకే చెందుతాయి. ఒక ఖాతాలోని కొనుగోళ్లను మరొక ఖాతాకు మార్చే ఏర్పాటును యాపిల్ 2025 ఫిబ్రవరిలో ప్రకటించింది గాని, ఆ ప్రకటనలోనే భారతదేశాన్ని మినహాయించింది, కాబట్టి దాని మీద ఆశ పెట్టుకోకండి. ఫ్యామిలీ షేరింగ్‌లో కొనుగోళ్లను పంచుకునే మీట వేస్తే చాలావరకు పని జరిగిపోతుంది. అప్పటి నుంచి ఎవరు కొన్నా డబ్బు మీ ఖాతా నుంచే పోతుందని గుర్తుంచుకోండి. యాప్ లోపల చేసిన కొనుగోళ్లలో కొన్నిటిని పంచుకోవడానికి వీలుండదు. అలాంటిది ఏదైనా ఆవిడకు తప్పనిసరి అయితే, సెట్టింగ్స్‌లో పేరు కింద ఉండే మీడియా అండ్ పర్చేజెస్ దగ్గర మాత్రం మీ పాత ఐడీ ఉంచి, ఐక్లౌడ్‌కూ మెసేజీలకూ ఆవిడ ఐడీని వాడవచ్చు. యాప్ స్టోర్‌కు ఒక ఐడీ, మిగతావాటికి ఒక ఐడీ ఉండవచ్చన్న సంగతి దుకాణాల్లోవారికే చాలామందికి తెలియదు.

అమ్మాయి ఐప్యాడు తేలిక. పదమూడేళ్లలోపు పిల్లలు తమంతట తాము ఖాతా తెరవలేరు. ఫ్యామిలీ షేరింగ్ పెట్టిన మీరే పిల్లల ఖాతా సృష్టించి ఐప్యాడులో మీదాని బదులు అది పెట్టాలి. ఆలస్యం చేయవద్దంటున్నది మర్యాద కోసం మాత్రమే కాదు. తండ్రి కార్డు, తండ్రి ఓటీపీ రెండూ ఒకే ఐప్యాడు మీద కనిపిస్తే ఆటలో వజ్రాలు కొనడానికి పిల్లలకు ఇంకేమీ అడ్డులేదు. ఆ బిల్లు పట్టుకుని నా దగ్గరకు వచ్చిన తండ్రులున్నారు. నేను చేయగలిగింది ఏమీ లేదు.

ఇక అమ్మగారి ఫోను. ఆండ్రాయిడ్‌లో కథ కొంచెం వేరు. ఒకే జీమెయిలు రెండు ఫోన్లలో ఉన్నంతమాత్రాన ఒక ఫోనుకు వచ్చే ఎస్సెమ్మెస్ రెండోదానికి పోదు. కాంటాక్టులు, ఫొటోలు, యూట్యూబ్‌లో చూసినవి కలిసిపోతాయి. అయినా కొత్త ఫోను మొదటిసారి తెరిచేటప్పుడు మీ పాత ఆండ్రాయిడ్ ఫోను బ్యాకప్ నుంచి అన్నీ దింపమని ఉంటే, బ్యాకప్‌లో ఎస్సెమ్మెస్‌లు కూడా ఉంటాయి కాబట్టి, ఆనాటివరకు మీకు వచ్చిన మెసేజీలన్నీ ఆవిడ ఫోనులో కనిపిస్తాయి. అది ఒకసారి జరిగిన నకలు మాత్రమే. కొత్తవి కూడా వస్తూ ఉంటే గూగుల్ మెసేజెస్‌లో డివైస్ పెయిరింగ్ చూడండి, ఎప్పుడో ఆఫీసు కంప్యూటరులో తెరిచి మరిచిపోయినవి అక్కడ బయటపడతాయి. సామ్‌సంగ్ ఫోన్లయితే ఒకే సామ్‌సంగ్ ఖాతా మీద కాల్స్‌నూ మెసేజీలనూ ఇతర పరికరాల్లో చూపించే సదుపాయం ఒకటి ఉంది, దాన్ని ఆపాలి. అమ్మగారికి ఆవిడ పేరుతో ఒక జీమెయిలు తెరవడం పది నిమిషాల పని. మీ ఖాతాను తీసేసే ముందు ఆవిడ కాంటాక్టులను కొత్త ఖాతాలోకి మార్చండి, లేదంటే ఖాతాతో పాటు అవీ మాయమవుతాయి.

అసలు మార్పు సిమ్ దగ్గర జరగాలి. అమ్మగారి సిమ్ మీ ఫోనులో ఎందుకుంది? పింఛను వచ్చినట్లు మెసేజీ వస్తే మీరు చూసి చెబుతారని, ఓటీపీ ఎవరికీ చెప్పేయకుండా ఉంటారని. ఆ భయం అర్థం చేసుకోదగినదే. అయినా బ్యాంకులో ఆవిడ ఖాతాకు ఆవిడ నంబరు, ఆ సిమ్ ఆవిడ చేతిలో ఉండడమే మంచిది. యూపీఐ యాప్‌ను మొదటిసారి పెట్టేటప్పుడు ఆ ఫోనులోని సిమ్ నుంచే ఒక ఎస్సెమ్మెస్ వెళ్లి నంబరును ధ్రువపరుస్తుంది. సిమ్ మీ ఫోనులో ఉన్నంతకాలం ఆవిడ కూరగాయల బండి దగ్గర తన ఫోనుతో చెల్లించలేరు, ప్రతిదానికీ మీ కోసం ఎదురుచూడాలి. ఆధార్‌కు, బ్యాంకుకు ఇచ్చినది మీ నంబరే అయితే ఆధార్ కేంద్రంలోను, బ్యాంకు శాఖలోను మార్పించండి. ఆవిడను వెంటబెట్టుకుని వెళ్లాలి, బ్యాంకు పని ఆదివారం జరగదు.

కావలిలో తీసుకున్న నంబరు ఇక్కడ మార్చుకోవలసిన పని లేదు. 2015 జూలై నుంచి దేశమంతటా ఎక్కడికైనా అదే నంబరుతో మారవచ్చు, మార్చకపోయినా మెసేజీలు వస్తాయి. రీచార్జ్ మాత్రం తప్పించకండి. రద్దయిన నంబరును కనీసం 90 రోజులు ఆపి ఆ తరువాత కొత్తవారికి ఇవ్వవచ్చు. అప్పుడు అమ్మగారి బ్యాంకు మెసేజీలు ఎవరో తెలియని మనిషికి చేరతాయి, మీ ఇంట్లోవాళ్ల మధ్య మెసేజీలు కలిసిపోవడం దీని ముందు లెక్కలోకి రాదు. ఖర్చు ఎక్కువనిపిస్తే డేటా లేకుండా కాల్స్, ఎస్సెమ్మెస్‌లకు మాత్రమే పనికొచ్చే ప్యాకులు ఇవ్వాలని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ 2024 డిసెంబరులో కంపెనీలను ఆదేశించింది, అవి ఇప్పుడు దొరుకుతున్నాయి. ఇంట్లో వైఫై ఉంది కాబట్టి ఆవిడకు అది చాలు. మోసపు మెసేజీల గురించి ఆవిడకు ఒకటి నేర్పండి: 2025 నుంచి సంస్థలు పంపే ఎస్సెమ్మెస్‌లలో పంపినవారి పేరు చివర గీత పెట్టి ఒక ఇంగ్లీషు అక్షరం ఉంటోంది. లావాదేవీలకు టీ, సేవలకు ఎస్, ప్రచారానికి పీ, ప్రభుత్వానికి జీ. మామూలు పది అంకెల నంబరు నుంచి బ్యాంకు పేరుతో వచ్చినది ఏదైనా మీకు చూపించేవరకు ముట్టుకోవద్దని చెప్పండి. ఒకవేళ డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయాలి, ఆ నంబరును ఆవిడ ఫోనులో వరస పేరుతో కాకుండా పెద్ద అక్షరాలతో సేవ్ చేసిపెట్టండి.

వాట్సాప్ నంబరును బట్టి నడుస్తుంది, పైన చెప్పిన బ్యాకప్ తప్ప ఐడీ మార్పులతో దానికి సంబంధం లేదు. ముగ్గురి ఫోన్లలోనూ లింక్డ్ డివైసెస్ ఒకసారి తెరిచి చూడండి. ఒక ఖాతాకు నాలుగు ఇతర పరికరాల వరకు జతచేయవచ్చు, అందులో మీరు గుర్తుపట్టనిది ఏది ఉన్నా లాగ్ అవుట్ చేయండి. వాట్సాప్‌లో టూ-స్టెప్ వెరిఫికేషన్ కింద ఉండే ఆరు అంకెల పిన్ ఎవరిది వారు పెట్టుకోవాలి.

అన్నీ అయ్యాక, మీ శ్రీమతి చెల్లెలి చేత మీ శ్రీమతికి ఒక మెసేజీ పెట్టించండి. అది ఇంకా మీ ఫోనులోనే మోగితే ఎక్కడో తప్పు చేశామని మొదటి నుంచి తిరగవేయకండి. ఇన్నాళ్లూ మీ శ్రీమతి ఫోను నుంచి వెళ్లిన ఐమెసేజ్‌లు మీ ఐడీ ఈమెయిలు పేరుతో వెళ్లి ఉండవచ్చు. అలాంటప్పుడు చెల్లెలి ఫోనులోని పాత సంభాషణ ఆ ఈమెయిలుకే జవాబు పంపుతూ ఉంటుంది. ఆ పాత సంభాషణను చెల్లెలి ఫోనులో తీసేయించి, మీ శ్రీమతి నంబరుతో కొత్తగా మొదలుపెట్టమనండి. కాంటాక్టులో అక్క పేరు కింద మీ ఈమెయిలు కూడా చేరి ఉంటే దాన్నీ తీసేయమనండి.